రెండు రంగుల పాత షెవర్లే: చూడాల్సింది ఆ క్రోమ్ గీతని

ముందు మీ ప్రశ్నని నాకు అర్థమైనట్టు ఒకసారి చెప్పుకుంటాను, తర్వాత చదివేవాళ్ళకి కూడా పనికొస్తుంది. ఉద్యోగం మారి డెట్రాయిట్ పక్కకి వచ్చారు. ఆగస్టులో ఉడ్‌వర్డ్ అవెన్యూ మీద పాత కార్ల సందడి చూడ్డానికి వెళ్తే తెలుపూ, టర్కాయిజూ (నీలం, ఆకుపచ్చ కలిసినట్టుండే రంగు) ఉన్న 1955 షెవర్లే బెల్ ఎయిర్ ఒకటి కంటపడింది. అప్పటినుంచి మనసంతా దానిమీదే ఉంది. ఇప్పుడు అలాంటిదే, పూర్తిగా రీస్టోర్ చేసిందని చెబుతున్న బండి ఒకటి అమ్మకానికి వచ్చింది. “పక్కన ఒకే రంగు కార్లు ఎన్ని ఉన్నా కళ్ళు దీనిమీదికే ఎందుకు పోతాయి? మెరుపు చూసి బోల్తాపడుతున్నానా? కొంటే ఏం చూసి కొనాలి?” ఇవీ మీ ప్రశ్నలు.

ఈ బండ్లు విప్పడం, బిగించడం, పెయింటర్ల పక్కన నిలబడి చూడటం నాకు చాలా ఏళ్ళుగా అలవాటైన పని. అందుకని నాకు మీ మూడు ప్రశ్నలకీ జవాబు ఒకేచోట కనిపిస్తుంది. కళ్ళని లాగేది రెండు రంగులు అనుకుంటాం గానీ, అసలు పని చేసేది ఆ రెండింటి మధ్య నడిచే గీత. బాగుచేసినవాడి పనితనం ఎంతో చెప్పేసేది కూడా ఆ గీతే.

కొంచెం వెనక్కి వెళ్దాం. ఫోర్డ్ మోడల్ టీ 1914 నుంచి 1925 దాకా నలుపు రంగులోనే వచ్చింది. అప్పట్లో రంగు ఆరడమే కార్ల ఫ్యాక్టరీలకి పెద్ద తలనొప్పి. డ్యూపాంట్ కంపెనీ డ్యూకో అనే లాకర్ పెయింట్ (త్వరగా ఆరే మెరుపు రంగు) తెచ్చాక, 1924 మోడల్ ఓక్లాండ్ కార్లతో జనరల్ మోటర్స్ దాన్ని వాడటం మొదలుపెట్టింది. రోజుల తరబడి ఆరాల్సిన రంగు గంటల్లో ఆరిపోయేసరికి రంగుల ఎంపిక చవకైపోయింది. (మన ఊళ్ళలో బీరువాకో, మంచానికో నున్నగా మెరిసే రంగు వేసి పెయింటర్లు ‘డ్యూకో పెయింట్’ అంటారు చూడండి, ఆ పేరు ఇక్కడిదే.) 1927లో జనరల్ మోటర్స్ డిజైనర్ హార్లీ ఎర్ల్ చేతికిచ్చి పెట్టిన విభాగం పేరే ‘ఆర్ట్ అండ్ కలర్ సెక్షన్’. అంటే కారు ఎలా కనబడాలి అనేది అప్పటినుంచీ ఇంజనీర్లు ఒక్కరి చేతిలోనే లేదు.

రెండో ప్రపంచయుద్ధం అయ్యాక కొన్నాళ్ళు ఏ కారు చేసినా అమ్ముడుపోయింది. 1953, 54కి వచ్చేసరికి ఆ రోజులు పోయాయి, కొనేవాడిని పిలిచి కూర్చోబెట్టుకోవాల్సి వచ్చింది. దాంతో 1955 మోడళ్ళలో పెద్ద కంపెనీలన్నీ రంగుల మీద పడ్డాయి. ఫోర్డ్ తన ఫెయిర్‌లేన్ క్రౌన్ విక్టోరియా పైకప్పు మీదుగా వెడల్పాటి క్రోమ్ పట్టీ వేసింది. క్రైస్లర్‌లో డిజైనర్ వర్జిల్ ఎక్స్‌నర్ గీసిన కొత్త బాడీలు వచ్చాయి. డాడ్జ్, ప్యాకార్డ్ మూడు రంగులదాకా వెళ్ళాయి. డాడ్జ్ అయితే ‘లా ఫెమ్’ అని గులాబీ, తెలుపు రంగుల్లో ఆడవాళ్ళ కోసమని ఒక కారు తెచ్చి, దాంతోపాటు హ్యాండ్‌బ్యాగు, లిప్‌స్టిక్ కేసు కూడా ఇచ్చింది. అది రెండేళ్ళకే ఆగిపోయింది. ఆడవాళ్ళకి కావాల్సింది గులాబీ రంగు అనుకున్న మగవాళ్ళ లెక్క అది, నాకైతే ఆశ్చర్యమేమీ లేదు.

జనరల్ మోటర్స్ వాళ్ళ షెవర్లే మాత్రం ఆ ఏడు నిజంగా కొత్త కారే చేసింది. అంతకుముందు షెవర్లే అంటే గుండ్రంగా, ఎత్తుగా, స్కూలు మాస్టారు నడిపే బండి. 1955కి ఇంజనీర్ ఎడ్ కోల్ బృందం 265 క్యూబిక్ అంగుళాల కొత్త వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిన్ ఇచ్చింది. మామూలుగా 162 హార్స్‌పవర్, ‘పవర్ ప్యాక్’ వేయించుకుంటే 180. కరెంటు వ్యవస్థ 6 వోల్టుల నుంచి 12కి మారింది. బాడీ గీసింది హార్లీ ఎర్ల్ కింద పనిచేసిన క్లేర్ మెకీకన్ స్టూడియో. ఆ మోడల్ ఏడాదిలో 17 లక్షలకు పైగా షెవర్లేలు తయారయ్యాయి. వాటిలో ఖరీదైన వరస బెల్ ఎయిర్, దాని కింద 210, ఇంకా కింద 150.

ఇప్పుడు గీత సంగతి. 1955 బెల్ ఎయిర్‌కి ఎడమపక్క నాలుగడుగుల దూరంలో నిలబడండి. ముందు మడ్‌గార్డ్ మీద హెడ్‌లైట్ వైపు నుంచి ఒక సన్నటి క్రోమ్ పట్టీ నేరుగా తలుపు మీదికి వస్తుంది. తలుపు దాటాక కిటికీల కింది అంచు ఒకచోట కాస్త కిందికి వంగుతుంది. సరిగ్గా ఆ వంపు దగ్గర్నుంచి ఇంకో పట్టీ ఏటవాలుగా దిగి, వెనక్కి పోయే అడ్డ పట్టీతో కలుస్తుంది. ఆ మూలకి ముందు, కింద ఒక రంగు. పైన, వెనక, డిక్కీ మూత, పైకప్పు ఇంకో రంగు. మీరు చూసిన బండిలో మొదటిది రీగల్ టర్కాయిజ్, రెండోది ఇండియా ఐవరీ అయ్యుంటాయి. షెవర్లే ఆ దంతపు తెలుపుకి పెట్టుకున్న పేరు అది. మన దేశం పేరున్న రంగు కొన్నేళ్ళ పాటు ఈ కార్ల రంగుల జాబితాలో ఉంది.

ఆ ఏటవాలు పట్టీ తీసేస్తే మిగిలేది చదునైన రేకు. అందుకే ఈ మోడళ్ళని ఇక్కడివాళ్ళు ‘షూబాక్స్’ అని ముద్దుగా పిలుస్తారు, చెప్పుల డబ్బా అన్నమాట. 115 అంగుళాల వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) ఉన్న బండి, ఇవాళ్టి లెక్కలో మరీ పొడవైనదేం కాదు. కానీ లేత రంగు పైన ఉండి, ముదురు రంగు కింద ఉండేసరికి ఎత్తు తగ్గినట్టు అనిపిస్తుంది. పక్క రేకు అడ్డంగా రెండు ముక్కలయ్యేసరికి పొడవు పెరిగినట్టు కనిపిస్తుంది. ఏటవాలు గీత ముందుకి వాలి ఉండటంతో ఆగి ఉన్న బండి కూడా కదలబోతున్నట్టు ఉంటుంది. హార్డ్‌టాప్ అయితే తలుపుకీ వెనక కిటికీకీ మధ్య స్తంభం ఉండదు. అద్దాలన్నీ దించితే తెల్లటి కప్పు ఒక్కటే గాలిలో నిలిచినట్టు కనబడుతుంది. ఒకే రంగులో ఇదే బాడీని చూడండి, ఈ మాయ సగం కూడా ఉండదు.

1956లో పట్టీ వంపు మార్చారు, పెట్రోలు మూతని ఎడమ టైల్‌లైట్ వెనక దాచారు. ఫోటోల్లో అందరూ గుర్తుపట్టేది రెక్కలున్న 1957 మోడల్ని. కానీ రెండు రంగుల కోసమే కొంటున్నట్టయితే నా ఓటు 1955కే. ఎందుకంటే 1957 బెల్ ఎయిర్‌లో వెనక మడ్‌గార్డ్ మీద గీతల మధ్య గీరల అల్యూమినియం రేకు పెట్టేశారు, రెండో రంగు ఎక్కువగా పైకప్పుకే పరిమితమైంది. విచిత్రమేమిటంటే ఆ ముక్కోణం జాగాలో రంగు నింపింది చవకరకం 210లో. మిగతా కంపెనీల్లో బ్యూయిక్ పక్కన వంగే క్రోమ్ గీత నాకిష్టమే, దాని గురించి ఇంకోసారి.

1958లో మాంద్యం వచ్చింది, రుచులూ మారాయి. ఒక బండికి రెండో రంగు వేయాలంటే మళ్ళీ మాస్కింగ్ (మొదటి రంగుని టేపుతో కప్పడం), మళ్ళీ స్ప్రే, అంటే కూలి. అరవైల్లోకి వెళ్ళేసరికి రెండో రంగు కప్పుమీద మాత్రమే మిగిలి, తర్వాత దాని స్థానంలో తోలులాంటి వినైల్ తొడిగిన పైకప్పులు వచ్చాయి.

ఇక మీ బండి. అమ్మేవాడు గ్యారేజీ లైటు కింద బానెట్ మెరుపు చూపిస్తాడు. అటు చూడకండి. ముందు బంపర్ దగ్గర మోకాళ్ళమీద కూర్చుని, ఒక కన్ను మూసి, పక్క పట్టీ వెంట వెనకదాకా చూపు పోనివ్వండి. మడ్‌గార్డ్ మీది ముక్క, తలుపు మీది ముక్క ఒకే వరసలో ఉండాలి. తలుపు కీలుపిన్నులు అరిగితే తలుపు వెనక కొస కిందికి జారుతుంది. అది మామూలుగా చూస్తే తెలియదు, పట్టీ మాత్రం ఇట్టే పట్టిచ్చేస్తుంది. తలుపుని మెల్లగా తెరిచి పైకి ఎత్తి చూడండి. ఎంత ఆడుతోందో చేతికే తెలుస్తుంది. పట్టీ సరిగ్గా కుదరాలంటే ముందు రేకులు సరిగ్గా కుదరాలి, అందుకే మంచి పనివాడు రంగు వేయకముందే పట్టీలన్నీ ఒకసారి బిగించి చూసుకుని, మళ్ళీ విప్పి, అప్పుడు రంగు గది దగ్గరికి వెళ్తాడు. ఈ సంగతి అమ్మేవాడిని అడగండి. “పెయింట్‌కి ముందు పట్టీలు పెట్టి చూశారా? ఫోటోలున్నాయా?” అనే ప్రశ్నకి వచ్చే జవాబులోనే చాలా తెలిసిపోతుంది.

తర్వాత పట్టీ అంచు. కింద రెండు రంగులు కలిసేచోటుని కప్పడానికే అది ఉంది. పట్టీకీ రేకుకీ మధ్య సందులో గోరు పెట్టి నడపండి. ఒక రంగు బయటికి తొంగిచూస్తోందంటే టేపు వంకరగా వేశారన్నమాట. పట్టీ లేకుండా రంగుకి రంగు నేరుగా తగిలేచోట్లు కొన్ని ఉంటాయి, ముఖ్యంగా అద్దం పక్క స్తంభాల అడుగున. అక్కడ వేలితో నిమిరితే చిన్న మెట్టు తగలొచ్చు. ఫ్యాక్టరీలో వేసిన లాకర్ రంగులో అలాంటి మెట్టు ఉండటం సహజమే. ఇప్పటి పద్ధతిలో రెండు రంగులూ వేశాక మొత్తం మీద క్లియర్ కోటు (రంగులేని పారదర్శక పూత) వేసి, ఉప్పుకాగితంతో రుద్ది, ఆ మెట్టుని పూడ్చేస్తారు. వేలికి ఏమీ తగలకపోతే ఆధునిక పెయింట్ అని అర్థం. తప్పేం లేదు, బాగా నిలబడుతుంది కూడా. కాకపోతే ఆ మెరుపు తడిసిన ప్లాస్టిక్‌లా, లోతుగా ఉంటుంది. పాత లాకర్ మెరుపు మెత్తగా ఉండేది, రబ్బింగ్ చేస్తే వచ్చేది. పాత రూపమే కావాలనుకునేవాళ్ళు క్లియర్ కోటు లేని సింగిల్ స్టేజ్ యురేథేన్ వేయించుకుంటారు. నాకు అదే నచ్చుతుంది. నిజం చెప్పాలంటే ఇప్పుడు బహుమతులు కొట్టే బండ్లలో చాలావరకు 1955లో షోరూములోకి వచ్చినప్పటికంటే నున్నగా ఉన్నాయి.

ఇప్పుడు డిక్కీ తెరవండి, టార్చ్ తెచ్చుకోండి. పక్కల ఉన్న అట్టముక్కలు తప్పించి, వెనక మడ్‌గార్డ్ రేకు లోపలివైపు వెలుగు వేయండి. పట్టీ క్లిప్పుల కోసం కొట్టిన రంధ్రాలు లోపలినుంచి కనిపిస్తాయి. అసలు బెల్ ఎయిర్ అయితే పట్టీ ఉన్న వరసలోనే రంధ్రాలుంటాయి. ఆ వరసకి దూరంగా పూడ్చేసిన రంధ్రాలు, వాటిలోంచి లోపలికి పొడుచుకొచ్చి గట్టిపడిన పుట్టీ చుక్కలు కనిపించాయంటే అది 210ని బెల్ ఎయిర్‌గా మార్చిన బండి కావచ్చు, లేదా ఎక్కడినుంచో తెచ్చి అతికిన రేకు కావచ్చు. బయట ఎంత మెరిసినా లోపలివైపు ఎవరూ పాలిష్ చేయరు.

కాగితాల కంటే ముందు రేకు పలకలు చదవండి. డ్రైవర్ తలుపు తెరిస్తే కీళ్ళున్న స్తంభం మీద సీరియల్ నంబర్ ఉంటుంది. అది వీసీ55 అని మొదలైతే వీ8 ఉన్న 1955 బెల్ ఎయిర్. ఉత్త సీ55 అయితే ఆరు సిలిండర్లది. వీబీ అంటే 210. ఇంజిన్ వెనక గోడమీద ఇంకో పలక ఉంటుంది, అందులో స్టైల్ నంబర్ 55-1037డీ అని ఉంటే హార్డ్‌టాప్ బెల్ ఎయిర్. అదే పలకలో పెయింట్ నంబర్ కూడా ఉంటుంది. రెండు రంగుల జంట మొత్తానికి కలిపి ఒకే నంబర్. దాన్ని రంగుల పట్టికతో పోల్చి చూస్తే మీ టర్కాయిజ్ పుట్టుకతో వచ్చిందో, అమ్మకం కోసం వచ్చిందో తేలిపోతుంది. ఎక్కువమంది అడిగే జంట కాబట్టి లేత ఆకుపచ్చలో, బూడిదరంగులో పుట్టిన బండ్లు కూడా టర్కాయిజ్‌గా, ఎరుపుగా మారుతుంటాయి. రంగు మార్చారని బండి వదిలేయక్కర్లేదు. కానీ ‘ఒరిజినల్ రంగు’ అని చెప్పి ధర పెంచితే మాత్రం ఒప్పుకోకండి.

తుప్పు ఎక్కడెక్కడ పడుతుందో ఇక్కడ అందరికీ తెలిసిందే: హెడ్‌లైట్ పైన కనురెప్పలాంటి భాగం, ముందు చక్రం వెనక మడ్‌గార్డ్ అడుగు, తలుపు కింది గడప, కాళ్ళ కింద నేల, డిక్కీ నేల. మెత్తటి గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతం పట్టుకెళ్ళండి. అతుక్కోవాల్సినచోట జారిపోతే లోపల పుట్టీ దళసరిగా ఉంది. డెట్రాయిట్ ఉన్న ఈ మిషిగన్ రాష్ట్రంలో చలికాలం రోడ్లమీద ఉప్పు చల్లుతారు కాబట్టి ఈ చుట్టుపక్కలే బతికిన బండిని ఇంకాస్త అనుమానంగా చూడండి.

క్రోమ్ విషయంలో డబ్బు ఎటు పోతుందో ముందే తెలుసుకోండి. పక్కన మెరిసే పట్టీల్లో చాలావరకు స్టెయిన్‌లెస్ స్టీలు. సొట్టపడితే ఓపికగల మనిషి వెనకనుంచి చిన్న సుత్తితో కొట్టి, రుద్ది, బఫింగ్ చేసి మళ్ళీ కొత్తదాన్ని చేస్తాడు. కొన్ని చిన్న బొమ్మలు, లైట్ల చుట్లు మాత్రం జింక్‌తో పోతపోసినవి. వాటిమీద పొక్కులు లేస్తే ప్రతి గుంటా తోడి, రాగి నింపి, నికెల్, క్రోమ్ మళ్ళీ ఎక్కించాలి. ఆ బిల్లు చూస్తే గుండె ఆగుతుంది. అదృష్టవశాత్తూ 1955-57 షెవర్లేలకి కొత్తగా తయారుచేసిన విడిభాగాలు దొరికినన్ని మరే పాత కారుకీ బహుశా దొరకవు. పూర్తి బాడీలే కొత్తగా చేసి అమ్ముతున్నారు. అలాంటప్పుడు ‘రీస్టోర్ చేసినది’ అన్న మాటకి అర్థమేమిటో అమ్మేవాడినే అడగాలి: అసలు రేకు ఎంత మిగిలింది, కొత్తగా కొన్నది ఎంత? ఒక బండిని బాగా చేయించే ఖర్చు చాలాసార్లు దాని అమ్మకపు ధరని మించిపోతుంది. అందుకే ఇంకొకరు ఖర్చుపెట్టి పూర్తిచేసిన బండిని కొనడమే తెలివైన పని అని నా సలహా.

కొన్నాక నడపడం గురించి నిజాలు వినండి. వైపర్లు ఇంజిన్ వాక్యూమ్‌తో, అంటే ఇంజిన్ గాలి పీల్చే బలంతో నడిచేవి. వానలో ఎత్తు ఎక్కుతూ యాక్సిలరేటర్ నొక్కితే వోల్టేజి పడిపోయిన ఫ్యాన్‌లా అవి నీరసించి ఆగిపోతాయి. కాలు తీస్తే మళ్ళీ పరుగెడతాయి. ఎలక్ట్రిక్ వైపర్లు అప్పట్లో అదనపు ఖర్చు, ఇప్పుడు మార్చుకోవడం తేలిక. నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులే, పైగా బ్రేకు ఫ్లూయిడ్‌కి ఒకే దారి. ఎక్కడ లీకైనా మొత్తం పోతుంది. ముందు చక్రాలకి డిస్కులు, బ్రేకు ఫ్లూయిడ్‌ని తోసే మాస్టర్ సిలిండర్ రెండు గదులది వేయించుకోవడం నా దృష్టిలో తప్పనిసరి, ‘అన్నీ పాతవే ఉండాలి’ అనే పట్టుదల బ్రేకుల దగ్గర వద్దు. పాత రబ్బరు పైపులు ఇప్పటి ఇథనాల్ కలిసిన పెట్రోలుకి తట్టుకోవు, అవీ మార్పించండి. సీటుబెల్టులు వేయించాల్సిందే. అయినా భద్రత విషయంలో భ్రమలు పెట్టుకోకండి. 2009లో అమెరికా బీమా కంపెనీల రోడ్డు భద్రతా సంస్థ ఒక 1959 బెల్ ఎయిర్‌ని, 2009 షెవర్లే మాలిబూని గంటకి 40 మైళ్ళ వేగంతో ఎదురెదురుగా గుద్దించింది. మాలిబూలో డ్రైవర్ సీట్లో పెట్టిన పరీక్ష బొమ్మకి కాలికి దెబ్బ తగిలింది. పాత బండిలో డ్రైవర్ కూర్చునే చోటు నలిగిపోయింది, నిజం మనిషైతే బతికేవాడు కాదు. “పాతకాలం ఉక్కు, గట్టిగా ఉంటుంది” అనే మాట మీకు ప్రతి కార్ల షోలోనూ వినిపిస్తుంది. ఆ పరీక్ష వీడియో చూశాక నేను వాదించడం మానేశాను.

ఇంకో మాట. హవానా వీధుల్లో కూడా ఇవే బండ్లు రెండు రంగుల్లో టాక్సీలుగా తిరుగుతుంటాయి, బానెట్ ఎత్తితే డీజిల్ ఇంజిన్లు కనిపిస్తాయి. విడిభాగాలు రాక, దొరికినదానితో నడిపించుకున్న బండ్లు అవి. రీస్టోరేషన్ లెక్కలో వాటికి సున్నా మార్కులు రావొచ్చు. నాకు మాత్రం వాటిని నడిపించినవాళ్ళ మీద ఇక్కడి బహుమతుల బండ్ల మీదకంటే గౌరవం ఎక్కువ. మన దేశంలోనూ జనరల్ మోటర్స్ 1928 నుంచి బొంబాయి సేవ్రీలో షెవర్లేలు బిగించేది. 1954లో మూసేసింది. సరిగ్గా ఈ 1955 మోడల్ వచ్చే ముందు. ఇంట్లో పెద్దవాళ్ళకి షెవర్లేదే ఇంకో కారు ‘ఇంపాలా’ అన్న పేరు తెలిసినంతగా ‘బెల్ ఎయిర్’ తెలియకపోవడం మీకు వింతగా అనిపిస్తే, కొంత కారణం ఇందులో ఉందనుకుంటాను.

మీరు పంపిన వివరాల్ని బట్టి చెప్పాలంటే: షోలో గెలవడం మీ ఉద్దేశం కాదు, ఆదివారం పిల్లల్ని ఎక్కించుకుని తిప్పాలని ఉంది. అలాంటప్పుడు దోషం లేని బండి వెతక్కండి. దగ్గరికెళ్తే నాలుగు గీతలు కనిపించే, కానీ నేల గట్టిగా, తలుపులు సరిగ్గా పడే బండి తీసుకోండి. తెల్లంచు టైర్లు కావాలి, సరే, కానీ లోపల రేడియల్ ఉన్నవి వేయించండి. లోపలి దారాలు ఏటవాలుగా ఉండే అప్పటి బయాస్ ప్లై టైర్లు రోడ్డుమీది గాడి ఎటుపోతే అటు లాగుతాయి. బీమా ‘అగ్రీడ్ వాల్యూ’ (బండి విలువ ముందే ఒప్పుకునే) పద్ధతిలో చేయించండి, మామూలు పాలసీ ఈ బండి విలువని పాత సామాను కింద లెక్కేస్తుంది. మిషిగన్‌లో 25 ఏళ్ళు దాటిన బండికి హిస్టారిక్ నంబర్ ప్లేటు దొరుకుతుంది. షోలకీ ఊరేగింపులకీ తిప్పుకోవచ్చు, ఆగస్టు నెలంతా అయితే మామూలు పనులకి కూడా వాడుకోవచ్చు. బండి చూడ్డానికి పగటిపూట, ఎండలో, బయటికి తీయించి చూడండి. ఇంజిన్ వెనక గోడమీది పలక, డిక్కీ లోపలివైపు, రెండు పక్కల పట్టీల ఫోటోలు తీసి ఇక్కడ పెట్టండి. ధర ఎంత చెబుతున్నాడో కూడా రాయండి, చూసి చెబుతాను.